ఉంబెర్తో డి. (1952): ఇందులో విశ్వాసం కుక్కదా, మనిషిదా?

పాతరీలు
కుక్కా, యజమానీ సినిమా అనగానే మనకి ఒక వరస అలవాటైపోయింది. యజమాని పోతాడు, లేదా దూరమవుతాడు. కుక్క ఎదురుచూస్తుంది, లేదా వెతుక్కుంటూ వస్తుంది. మనం ఏడుస్తాం. వితోరియో డి సీకా తీసిన "ఉంబెర్తో డి." కూడా ఆ జాబితాల్లో తరచుగా కనిపిస్తుంది. కానీ ఈ సినిమాలో పరీక్షకి నిలబడేది కుక్క విశ్వాసం కాదు, మనిషి విశ్వాసం అని నా అభిప్రాయం. దాని మీద మాట్లాడుకుందామని ఈ చర్చ మొదలుపెడుతున్నాను.

చూడనివాళ్ళ కోసం కథ రెండు ముక్కల్లో. యుద్ధం తర్వాతి రోమ్ నగరం. ఉంబెర్తో దొమేనికో ఫెరారీ అనే రిటైరైన ప్రభుత్వ ఉద్యోగి. భార్యాబిడ్డలు లేరు. వచ్చే పింఛను అద్దెకీ తిండికీ చాలదు. ఇంటావిడకి 15,000 లీరాలు బాకీ. కట్టకపోతే గది ఖాళీ చేయమంటుంది. ఆయనకి తోడుగా మిగిలింది ఫ్లైక్ అనే చిన్న కుక్క, అదే ఇంట్లో పనిచేసే మారియా అనే అమ్మాయి చూపించే కాస్త దయ. అంతే.

ఇక్కడినుంచి ముగింపు దాకా అన్నీ మాట్లాడతాం కాబట్టి, సినిమా చూసే ఉద్దేశం ఉన్నవాళ్ళు ముందు చూసి రండి. గంటన్నర సినిమా.

సాయంత్రపుఆట
నిన్న రాత్రే చూశాను. నిజం చెప్తున్నాను, మొదటి అరగంట ఓపిక పట్టాల్సి వచ్చింది. ముసలాయన గడియారం అమ్ముతాడు, పుస్తకాలు అమ్ముతాడు, జ్వరంతో పడుకుంటాడు. ఇంతేనా అనుకున్నాను. కానీ కుక్క తప్పిపోయిన దగ్గర్నుంచి కూర్చున్నచోటునుంచి కదల్లేదు. ఆ టెన్షన్ ఎక్కడినుంచి వచ్చిందో నాకే అర్థం కాలేదు. మొదటి అరగంటలో ఏమీ జరగలేదని అనుకున్నాను కదా, మరి అప్పటికే ఆయన మీద అంత ఇష్టం ఎలా పుట్టింది?

పాతరీలు
సాయంత్రపుఆట గారూ, ఆ "ఏమీ జరగని" అరగంటే ఆ పని చేసింది. ఉచిత భోజనశాల సీన్ గుర్తు చేసుకోండి. ఆయన సగం తిని, ఎవరూ చూడకుండా పళ్ళెం బల్ల కిందికి దించుతాడు, ఫ్లైక్ తింటుంది. వడ్డించే ఆవిడ చూస్తే గొడవ. ఆయన ఆకలి ఎంతో మనకి తెలుసు. అందులో సగం ఎవరికి వెళ్తోందో కూడా చూశాం. కుక్కంటే ఆయనకెంత ప్రేమో ఒక్క డైలాగు కూడా చెప్పదు, ఆ పళ్ళెం చెప్తుంది. కాబట్టి ఫ్లైక్ తప్పిపోయే సరికి మనకి కొత్తగా చెప్పాల్సిందేమీ మిగల్లేదు.

రెండోబెల్లు
నేను ఒప్పుకోను. ఇది కుక్క సినిమా కానే కాదు. మొదటి షాట్లు చూడండి. రోమ్ వీధుల్లో పింఛనుదార్ల ఊరేగింపు. జీవితమంతా పనిచేశాం, పింఛను పెంచండి అని ముసలివాళ్ళు నడుస్తుంటారు. అనుమతి లేదని పోలీసులు జీపులతో చెదరగొడతారు. ఈ సినిమా దేని గురించో డి సీకా అక్కడే చెప్పేశాడు. ముప్ఫై ఏళ్ళు సర్కారు కొలువు చేసిన మనిషికి ఆ సర్కారు ఏమిచ్చింది? అదీ ప్రశ్న. కుక్క లేకపోయినా ఆ ప్రశ్న అంతే బలంగా ఉండేది. కుక్కని పెట్టడం వల్ల ప్రేక్షకుడి కోపం కాస్తా జాలిగా మారిపోయింది. పైగా అలెస్సాంద్రో చికొన్యీని సంగీతం ఆ జాలిని ఇంకా పిండుతుంది. కుక్క ముఖం కనపడగానే వయొలిన్లు అందుకోవడం నాకు నచ్చదు.

చరిత్రపుట
రెండోబెల్లు గారి మాటకి బలమిచ్చే సంగతి ఒకటి ఉంది. ఈ సినిమా వచ్చినప్పుడు ఇటలీలో పాలకులకి కోపం తెప్పించింది కుక్క కాదు, ఆ పింఛనే. అప్పట్లో సినిమా వ్యవహారాలు చూసే ఉపమంత్రి జూలియో ఆంద్రెయోత్తి. తర్వాత చాలాసార్లు ప్రధాని అయినవాడు. 1952లోనే డి సీకాని తప్పుపడుతూ బహిరంగ లేఖ రాశాడు. ఇరవయ్యో శతాబ్దపు మధ్యకాలం ఇటలీ అంటే ఇదే అని లోకం అనుకుంటే డి సీకా దేశానికి మేలు చేసినట్టు కాదని ఆయన ఆరోపణ.

అంతకుముందే, 1949లో, ఆయన పేరుతోనే పిలిచే సినిమా చట్టం వచ్చింది. సొంత దేశపు సినిమాలకి డబ్బు సాయం చేస్తూనే, దేశం పరువు తీస్తుందనుకున్న సినిమాని విదేశాలకి వెళ్ళకుండా ఆపే అధికారం కూడా ఆ చట్టం ప్రభుత్వం చేతిలో పెట్టింది. అలాంటి రోజుల్లో, పింఛనుదార్ల మీదికి పోలీసు జీపులు రావడంతో సినిమా మొదలుపెట్టడానికి గుండె ధైర్యం కావాలి. ఇటలీలో సినిమా ఆడలేదు కూడా. యుద్ధం ముగిసి ఏడేళ్ళు, జనం ఇక నవ్వుకోవాలనుకుంటున్నారు.

డి సీకా మాత్రం దీన్ని చివరిదాకా తన సినిమాల్లో ప్రత్యేకంగా చూసుకున్నాడు. తన తండ్రికి అంకితమిచ్చాడు. తండ్రి పేరు కూడా ఉంబెర్తోయే.

మల్లెతీగ
నాకు ఈ సినిమా అంటే మారియా. మీరంతా కుక్క, పింఛను అంటున్నారు కానీ ఆ పొద్దుటి వంటింటి సీన్ గురించి ఎవరూ మాట్లాడలేదేం?

మారియా నిద్ర లేస్తుంది. మంచంలోంచే పైకప్పు మీద నడిచే పిల్లిని చూస్తుంది. వంటింట్లోకి వస్తుంది. స్టవ్ వెలిగించడానికి గోడకి అగ్గిపుల్ల గీస్తుంది, వెలగదు, మళ్ళీ గీస్తుంది. గోడ మీద చీమలు, వాటి మీద నీళ్ళు చిమ్ముతుంది. తన పొట్ట వైపు ఒకసారి చూసుకుంటుంది. కాఫీ గింజలు మర పట్టడానికి కూర్చుంటుంది. కళ్ళలో నీళ్ళు. మర తిప్పడం ఆపకుండానే కాలు చాపి బొటనవేలితో తలుపు మూస్తుంది. ఇందులో కథ ముందుకి ఒక్క అంగుళం కదలదు. కానీ మూడో నెల కడుపుతో ఉన్న అమ్మాయి, తండ్రి నేపుల్స్ సైనికుడో ఫ్లోరెన్స్ సైనికుడో తనకే తెలియని అమ్మాయి, ఇంటావిడకి తెలిస్తే వీధిన పడే అమ్మాయి, ఒక్కతే ఉన్నప్పుడు ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఫ్రెంచి విమర్శకుడు ఆంద్రే బజాన్ ఈ సీన్ గురించి ప్రత్యేకంగా రాశాడు. ఊరికే రాయలేదు.

ఆ పాత్ర వేసిన మారియా పియా కాసిలియోకి ఇదే మొదటి సినిమా.

సాయంత్రపుఆట
మల్లెతీగ గారూ, ఆ తలుపు కాలితో తోయడం నేను రెండుసార్లు వెనక్కి తిప్పి చూశాను! ఎందుకో తెలియదు. ఇంతకీ ఉంబెర్తోగా వేసినాయన నటుడు కాదని ఎక్కడో చదివాను. నిజమేనా?

చరిత్రపుట
నిజమే. ఆయన పేరు కార్లో బతిస్తీ. ఫ్లోరెన్స్ విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర ఆచార్యుడు. ఇటాలియన్ మాటల పుట్టుపూర్వోత్తరాల మీద పెద్ద నిఘంటువు తయారుచేసిన ఇద్దరిలో ఒకరు. ఈ సినిమా నాటికి డెబ్భైకి దగ్గరపడ్డాడు. 1977లో పోయారు.

ఇది తెలిశాక సినిమాలో ఒక చోటు నాకు ఇంకా బాగుంటుంది. ఉంబెర్తో మారియాకి వ్యాకరణం నేర్పుతుంటాడు కదా. వ్యాకరణం రాకపోవడం వల్లే కొన్ని జరుగుతాయి, తెలియనివాళ్ళని అందరూ వాడుకుంటారు అన్నట్టు ఆమెకి చెప్తాడు. జీవితమంతా భాషకిచ్చిన మనిషి నోట ఆ మాట వస్తుంటే అది పాత్ర మాటలా ఉండదు.

నటులు కానివాళ్ళ చేత చేయించడం డి సీకాకి కొత్త కాదు. 1948లో "బైసికిల్ థీవ్స్"లో తండ్రి వేషం వేసినాయన ఫ్యాక్టరీ కార్మికుడు. డి సీకా తనే పెద్ద నటుడు, కాబట్టి ఎలా నడవాలో, ఎటు చూడాలో తనే చేసి చూపించేవాడు.

కుక్కలబడి
పాతరీలు గారి ప్రశ్నకి వస్తాను. నేను కుక్కలకి శిక్షణ ఇస్తాను, కాబట్టి ఆ కంటితోనే చూశాను.

సినిమాల్లో "విశ్వాసమైన కుక్క" అంటే సాధారణంగా మనిషి ఊహించుకున్న కుక్క. దానికి భయం ఉండదు, అనుమానం ఉండదు, ఎంత కొట్టినా తోక ఊపుతుంది. ఫ్లైక్ అలా కాదు. ఆకలేస్తే తింటాడు, తలుపు తెరిచి ఉంటే బయటికి పోతాడు, పిల్లలు బంతి ఆడుతుంటే ఉంబెర్తోని మరిచిపోయి వాళ్ళతో ఆడతాడు. కుక్కలు అలాగే ఉంటాయి. అందుకే చివర్లో జరిగేది అంత నిజంగా ఉంటుంది.

రైలు పట్టాల దగ్గర ఉంబెర్తో ఫ్లైక్‌ని గుండెకి అదుముకుని నిలబడతాడు. రైలు దగ్గరికొస్తోంది. ఫ్లైక్ మూలుగుతాడు, గింజుకుంటాడు, చేతుల్లోంచి జారి పారిపోతాడు. ఉంబెర్తో వెంటపడతాడు. రైలు వెళ్ళిపోతుంది. ఇప్పుడు ఫ్లైక్ దగ్గరికి రాడు. పిలిస్తే దూరంగా జరుగుతాడు, చెట్టు చాటుకి పోతాడు. అంతదాకా ఆయన్ని వదలని కుక్క ఇప్పుడు ఆయన్ని చూసి జంకుతుంది.

ఇలా బెదిరిన కుక్కని చాలాసార్లు చూశాను. తన మనిషి వల్లే ప్రాణభయం కలిగితే, ఆ మనిషి వాసనా గొంతూ ఎంత తెలిసినవైనా దూరం పాటిస్తుంది. అప్పుడు వెంటపడితే ఇంకా దూరం పోతుంది. కోప్పడితే అసలు రాదు. చేయాల్సింది ఒక్కటే: వంగి, చిన్నగా అయిపోయి, దానికి ఇష్టమైన ఆటతో పిలవాలి. వస్తుందో రాదో దానికే వదిలేయాలి. ఉంబెర్తో చేసింది అదే. కింద పడి ఉన్న పైన్ కాయ తీసి, చూడు చూడు అని ఆశపెడతాడు. పట్టుకోడానికి చేతులు చాపడు. ఫ్లైక్ కాసేపు చూసి, తటపటాయించి, అప్పుడు వస్తాడు.

కాబట్టి నా జవాబు: విశ్వాసం తప్పింది మనిషి. దాన్ని తిరిగి సంపాదించుకోవాల్సి వచ్చింది కూడా మనిషే.

పాతరీలు
కుక్కలబడి గారూ, నేను చెప్పాలనుకున్నది నాకంటే బాగా చెప్పారు. ఇంకొంచెం ముందుకి తీసుకెళ్తాను.

"బైసికిల్ థీవ్స్" ముగింపు తలుచుకోండి. తండ్రి సైకిల్ దొంగిలించి పట్టుబడతాడు. జనం చెంపదెబ్బలు కొడతారు, కొడుకు బ్రూనో అంతా చూస్తాడు. చివరికి ఆ పిల్లవాడు తండ్రి చేతిలో చేయి పెడతాడు. అడగకుండానే క్షమించేశాడు. నాలుగేళ్ళ తర్వాత అదే డి సీకా, అదే రచయిత చేజరే జవాత్తినీ మళ్ళీ అదే చోటికి వచ్చారు: అవమానంతో కుంగిన పెద్దాయన, పక్కనే ఆయన్నే నమ్ముకున్న చిన్న ప్రాణి. కానీ ఈసారి ఆ చిన్న ప్రాణి వెంటనే చేయి అందించదు. పారిపోతుంది, దాక్కుంటుంది. మొదటి సినిమాలో క్షమాపణ వరంలా దొరికింది, రెండోదానిలో మోకాళ్ళ మీద వంగి సంపాదించుకోవాల్సి వచ్చింది. అందుకే నాకు ఇది ఇంకా పెద్ద సినిమా.

కుక్క లేకపోయినా ప్రశ్న అంతే బలంగా ఉండేదని రెండోబెల్లు గారన్నారు. కుక్క లేకపోతే ఉంబెర్తో సినిమా సగంలోనే చచ్చిపోయేవాడు కదండీ! రాత్రి కిటికీ దగ్గర నిలబడి కింద వీధి రాళ్ళవైపు చూస్తాడు, కెమెరా ఒక్కసారిగా ఆ రాళ్ళ మీదికి దూకుతుంది. తర్వాత వెనక్కి తిరిగి మంచం మీద పడుకున్న ఫ్లైక్‌ని చూస్తాడు. ఆగిపోతాడు. దీన్ని ఎవరికి అప్పజెప్పాలి అన్న బాధ్యతే ఆయన్ని ఇంకొక రోజు బతికించింది.

రెండోబెల్లు
బతికించిందా, వాయిదా వేయించిందా? ఆ కిటికీ తర్వాత ఆయన చేసే ప్రతి పనీ చావడానికి ఏర్పాటే. పెట్టె సర్దుకుంటాడు. పొద్దున్నే మారియాకి వీడ్కోలు చెప్పి, ఆ ఫ్లోరెన్స్ వాణ్ణి వదిలెయ్యి అని సలహా ఇచ్చి, ట్రామ్ ఎక్కుతాడు. తర్వాత ఫ్లైక్‌కి చోటు వెతుకుతాడు, అదీ తను పోవడానికి అడ్డు తొలగించుకోవడమే. కుక్కలు ఉంచుకునే దంపతుల దగ్గరికెళ్తే వాళ్ళ ధ్యాసంతా డబ్బు మీదే. పార్కులో తెలిసిన చిన్నపిల్లకి ఇవ్వబోతే ఆయా ఒప్పుకోదు. ఆఖరికి పిల్లల మధ్య వదిలేసి వంతెన కింద దాక్కుంటాడు. ఫ్లైక్ వాసన పట్టి వచ్చేస్తాడు.

అది చూసి మీకందరికీ గుండె కరుగుతుంది. నాకు మాత్రం ఒళ్ళు మండుతుంది. ఒక నగరంలో ముసలివాడి భారం మోసేది కుక్క ఒక్కటేనా? ఆ రోమ్‌లో మంత్రిత్వశాఖలున్నాయి, చర్చిలున్నాయి, ఆయన పాత సహోద్యోగులున్నారు. కుక్క ప్రేమ మీద మనం ఇంతసేపు మాట్లాడుకుంటుంటే, వాళ్ళంతా మన దృష్టిలోంచి తప్పించుకుంటున్నారు. నా అభ్యంతరం అదే.

అరవైదాటాక
నేను చాలాకాలం ఆఫీసు ఉద్యోగం చేసి రిటైరైనవాణ్ణి. ఈ చర్చలో సాధారణంగా చదువుతాను తప్ప రాయను. కానీ పాత సహోద్యోగుల మాట వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

పాంథియన్ గుడి ముందు సీన్ గురించి ఇంకా ఎవరూ రాయలేదు. ఉంబెర్తో అడుక్కోడానికి ప్రయత్నిస్తాడు. ముందు ఇంకొకడు ఎలా అడుక్కుంటున్నాడో చూస్తాడు. తను చేయి చాపడం సాధన చేస్తాడు. ఒక మనిషి వచ్చి, జేబులోంచి డబ్బు తీసి వేయబోతాడు. సరిగ్గా ఆ క్షణంలో ఉంబెర్తో అరచేయి తిరగేస్తాడు, వాన పడుతోందేమో చూస్తున్నట్టు. ఆ మనిషి వెళ్ళిపోతాడు.

తర్వాత టోపీ ఫ్లైక్ నోటికిచ్చి, వెనక కాళ్ళ మీద నిలబెట్టి, తను స్తంభం చాటుకి తప్పుకుంటాడు. అప్పుడే తెలిసిన పెద్దమనిషి ఒకాయన ఎదురొచ్చి ఫ్లైక్‌ని గుర్తుపట్టి ఇదేంటని అడుగుతాడు. ఉంబెర్తో పరిగెత్తుకొచ్చి, ఏం లేదు, ఆడుకుంటున్నాడు అన్నట్టు సర్దిచెప్పుకుంటాడు.

ఇది చూసి నవ్వేవాళ్ళుంటారు. నాకు నవ్వు రాలేదు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ మన సంతకానికి విలువ ఉంటుంది, మనల్ని నాలుగు మెట్లు దిగొచ్చి పలకరిస్తారు. ఒకరోజు అది ఆగిపోతుంది. చేయి చాపడం ఎవరికైనా కష్టమే. నిన్నటిదాకా ఆ చేత్తో ఫైళ్ళ మీద సంతకాలు పెట్టినవాడికి చాలా ఎక్కువ కష్టం. అంత కష్టమైన పని తను చేయలేక కుక్క చేత చేయించాడు. రెండోబెల్లు గారూ, మీరన్న సమాజం, పాతరీలు గారన్న కుక్క, రెండూ ఆ స్తంభం దగ్గర ఒకచోటే ఉన్నాయి. విడదీయనక్కర్లేదు. పాత స్నేహితుడు ఉద్యోగం మీద హడావిడిగా ఉండి, అప్పు మాట చెవికెక్కించుకోకుండా బస్సెక్కే సీన్ కూడా ఇలాంటిదే. ఆయన చెడ్డవాడేం కాదు. వినకూడదనుకున్నాడు, అంతే.

మల్లెతీగ
అరవైదాటాక గారూ, మీరు రాయడం చాలా మంచిదైంది. ఇంకా రాయండి.

ఆసుపత్రి సీన్ కూడా ఇలాగే ఉంటుంది నాకు. గొంతు వాపుతో చేరతాడు, నిజానికి నాలుగు రోజులు తిండీ పక్కా దొరుకుతాయని. పక్క మంచం ఆయన కిటుకు చెప్తాడు: సన్యాసిని దగ్గర జపమాల అడుగు, భక్తి ఉన్నవాడివనుకుని ఇంకొన్ని రోజులు ఉంచుతారు. ఎవరూ ఎవరినీ దబాయించరు, కొట్టరు. దయ కూడా నియమాల ప్రకారమే దొరుకుతుంది, నియమం తెలిసినవాడికి.

పొద్దుతిరుగుడు
ఆలస్యంగా వచ్చాను. పైన ఎవరో ఎదురుచూసే కుక్కల సినిమాల్ని కాస్త తక్కువ చేసినట్టు అనిపించింది, అందుకే హచికో తరఫున రెండు మాటలు.

అది కల్పన కాదు. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయంలో వ్యవసాయశాస్త్రం చెప్పిన హిదెసబురో ఉయెనో 1925 మే నెలలో హఠాత్తుగా పోయారు. ఆయన అకితా జాతి కుక్క 1935 మార్చిలో చనిపోయేదాకా షిబుయా స్టేషన్‌కి వస్తూనే ఉంది. దాదాపు పదేళ్ళు. 1934లో, అది బతికుండగానే, స్టేషన్ దగ్గర విగ్రహం పెట్టారు. యుద్ధంలో ఆ కంచు కరిగించేస్తే 1948లో మళ్ళీ చేయించారు, మొదటి శిల్పి కొడుకే చేశాడు. 1987లో వచ్చిన జపాన్ సినిమా "హచికో మొనొగతారి"కి కథ రాసింది కనెతో షిందో, ప్రొఫెసర్‌గా వేసింది తత్సుయా నకదాయ్. ఇంగ్లీషులో 2009లో రిచర్డ్ గేర్‌తో తీశారు. జపాన్ సినిమా చూడండి. ఆయన పోయాక ఇల్లు అమ్మేయడం, కుక్క చేతులు మారడం, ఆఖరికి వీధిపాలవడం, వీటి మీద అది నిలబడి చూస్తుంది. జాలి కోసం తీసిన సినిమా కాదు.

పాతరీలు
పొద్దుతిరుగుడు గారూ, తక్కువ చేయలేదండీ. నకదాయ్ ఉన్న ప్రతి సీనూ నాకిష్టమే. ఆ రెండు సినిమాల మధ్య తేడా మాత్రం చెప్తాను. హచికోలో యజమాని ఏ తప్పూ చేయకుండా పోతాడు. కాబట్టి ఆయన మీద కుక్కకున్న నమ్మకానికి ఎప్పుడూ దెబ్బ తగలదు. ఉంబెర్తో బతికే ఉన్నాడు. తన కుక్కని ముందు ఇతరులకి ఇచ్చేయబోయాడు, తర్వాత వదిలేసి దాక్కున్నాడు, చివరికి దాన్ని తనతో పాటు చంపబోయాడు. యజమాని చేయగల తప్పులన్నీ ఒకే ఉదయం చేశాడు. అవన్నీ ప్రేమతోనే చేశాడు. అదే భయంకరం.

కుక్కలబడి
"ప్రేమతోనే" అన్న చోట నాకు ఒక మాట ఉంది. డాగ్ పౌండ్ సీన్‌ని దీనికి కలిపి చూడాలి. ఫ్లైక్ తప్పిపోయాడని ఆయన అక్కడికి పరిగెడతాడు. టాక్సీకి చిల్లర లేక, తనకి అక్కర్లేని గ్లాసు ఒకటి కొని నోటు మారుస్తాడు. అక్కడ ఎవరూ విడిపించుకోని కుక్కల్ని బోను పెట్టెలో గ్యాస్ గదిలోకి తోయడం చూస్తాడు. డబ్బు కట్టలేక తన కుక్కని వదులుకోవాల్సి వచ్చిన ఇంకొకాయన పక్కనే నిలబడి ఉంటాడు. యజమాని లేని కుక్కకి ఆ నగరంలో ఏం జరుగుతుందో ఉంబెర్తో కళ్ళారా చూశాడు. అందుకే పట్టాల దగ్గర తనతో పాటే తీసుకుపోదామనుకున్నాడు. ఆయన లెక్కలో అది దయ. ఫ్లైక్ ఆ లెక్క ఒప్పుకోలేదు. తనకి బతకాలని ఉంది.

ఈ కోణంలో చూస్తే ఆ పారిపోవడాన్ని విశ్వాసం తప్పడం అనలేం. ఇద్దరి ప్రాణాలూ కాపాడింది అదే కదా. చెప్పినట్టు విని చేతుల్లో ఒదిగి ఉంటే ఇద్దరూ పోయేవారు.

రెండోబెల్లు
ఇది మంచి మాట. దీనితో నాకు పేచీ లేదు. కానీ ఆ కుక్కలని చంపే గదికీ ఇంటావిడ గదికీ ఉన్న చుట్టరికం కూడా చూడండి. ఆసుపత్రినుంచి వచ్చేసరికి ఆయన గది గోడకి పెద్ద కంత. పెళ్ళి చేసుకోబోతోంది కాబట్టి హాలు పెద్దది చేయించుకుంటోంది ఆవిడ. మనిషి ఉండగానే గది కూలుతోంది. అంతకుముందు ఆయన బయటికి వెళ్ళినప్పుడు ఆ గదినే గంటల లెక్కన జంటలకి ఇచ్చేది. డబ్బు కట్టని కుక్కకి గ్యాస్ గది, డబ్బు కట్టని ముసలాయనకి గోడలో కంత. జవాత్తినీ ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టింది కావాలనే. ఫ్లైక్ లేకపోతే ఆ పోలిక కుదిరేది కాదని ఒప్పుకుంటాను. సంగీతం విషయంలో మాత్రం నా అభిప్రాయం మారదు.

చరిత్రపుట
సంగీతం సంగతికొస్తే, వంటింటి సీన్‌లోనూ కిటికీ సీన్‌లోనూ శబ్దాలు మళ్ళీ వినండి. కాఫీ మర, ట్రామ్ చప్పుడు, నీళ్ళు. ఆ చోట్ల దర్శకుడు ఎంత నిదానించాడో తెలుస్తుంది.

ఇంకో సమాచారం: ఈ సినిమా అమెరికాలో 1955లో విడుదలై, జవాత్తినీ కథకి ఆస్కార్ నామినేషన్ తెచ్చిపెట్టింది. 2008లో ఫ్రాన్స్‌లో జాన్ పాల్ బెల్మాందోతో దీన్ని మళ్ళీ తీశారు. పక్షవాతం వచ్చి చాలా ఏళ్ళు తెరకి దూరంగా ఉన్న బెల్మాందో అందులో ముసలాయనగా కనిపిస్తాడు. ఆయన కోసం చూడొచ్చు.

సాయంత్రపుఆట
ఇవన్నీ చదివాక ఈసారి మా అమ్మతో కలిసి చూద్దామనుకుంటున్నాను. ఆవిడకి కుక్కలంటే ప్రాణం. ఆ పౌండ్ సీన్ తట్టుకుంటుందా అని ఒక్కటే సందేహం. నేను చూసినప్పుడే కళ్ళు మూసుకున్నాను, కాబట్టి ఎంతవరకు చూపించారో నాకూ సరిగ్గా తెలియదు.

కుక్కలబడి
చంపడం చూపించరు. పెట్టెని లోపలికి తోసి తలుపు మూస్తారు, అంతవరకే. తర్వాత వెంటనే ఫ్లైక్ దొరికే సీన్. దొరుకుతాడని అమ్మగారికి ముందే చెప్పేయండి, కథకేం నష్టం లేదు. రైలు సీన్ గురించి మాత్రం చెప్పకండి. చివర్లో ఫ్లైక్‌కి ఏమీ కాదు అని ఒక్కమాట చాలు.

అరవైదాటాక
సినిమా అయ్యాక ఆవిడ ఎవరి గురించి ముందు మాట్లాడారో వచ్చి ఇక్కడ రాయండి. ముసలాయన గురించా, మారియా గురించా, ఫ్లైక్ గురించా. మా ఇంట్లో చూసినప్పుడు ముందు మాటాడింది మారియా బిడ్డ గురించి. ఆ అమ్మాయి తర్వాత ఎక్కడికెళ్ళింది, ఎవరు చూసుకున్నారు అని. నాకు అప్పటిదాకా ఆ ఆలోచనే రాలేదు.

మల్లెతీగ
నాకు మొదటిసారి చూసినప్పటినుంచీ అదే దిగులు. ఆవిడకి ఫ్లైక్ లాంటి తోడు కూడా లేదు. దీని మీద వేరే చర్చ మొదలుపెడతాను, అందరూ అక్కడికి రండి.